మా అవ్వ పెట్టెలో దొరికిన భూమి రసీదు మీద "మధ్యప్రదేశ్" అని ఎందుకుంది? (సిరోంచ తాలూకా)

బల్లార్షా కోడలు

అందరికీ నమస్తే. మా అమ్మాయి ఐదో తరగతి, మరాఠీ మీడియం. "మాఝే గావ్" అని తన ఊరి భూగోళం, చరిత్ర నాలుగు పేజీలు రాసుకుని రమ్మన్నారు బడిలో. ఉన్న ఊరు బల్లార్షా గురించి రాస్తే గంటలో అయిపోయేది, కాగితం మిల్లు, బొగ్గు గనులు, రైలు జంక్షన్, గోండు రాజుల కోట, నెట్‌లో బోలెడంత ఉంది. ఆమె మాత్రం అమ్మమ్మ వాళ్ల ఊరి గురించే రాస్తానని కూర్చుంది. మా తల్లిగారి ఊరు మహారాష్ట్రలో గడ్‌చిరోలి జిల్లా, సిరోంచ తాలూకాలో అంకీస వైపు, రెండొందల గడప కూడా ఉండదు, వరి, పత్తి, మిర్చి తప్ప ఇంకేం లేవు. దాని గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు.

సరే అని పోయిన ఆదివారం ఊరికి వెళ్లి మా అవ్వ ట్రంకు పెట్టె తీయించాం. అడుగున గుడ్డలో చుట్టి ఒక పాత శిస్తు రసీదు ఉంది (ఇంట్లో దాన్ని పావతి అనే అంటాం). పల్చటి కాగితం, నాలుగు మడతలు, మడత పడ్డ చోటల్లా చిరిగింది, ఊదారంగు పెన్సిల్‌తో మా తాత పేరు, కిందేవో అంకెలు. పైన అచ్చులో దేవనాగరిలో "మధ్యప్రదేశ్", దాని కింద "జిల్లా చాందా". మా అమ్మాయి అది చదివి "అంటే మనం భోపాల్ నుంచి వచ్చామా?" అంది. నేను నోరు తెరిచాను కానీ మాట రాలేదు.

అవ్వనడిగితే "మనం ఎక్కడికెళ్లీ రాలే బిడ్డా, ఈడనే ఉన్నం" అంటుంది. మా చిన్నాన్నేమో మనవాళ్లు కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చినవాళ్లని ఖాయంగా చెప్తాడు. మా తమ్ముడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు, తెలుగువాళ్లం మహారాష్ట్రలో ఎందుకున్నామని అడిగితే భుజాలు ఎగరేస్తాడు. నేను మంచిర్యాలలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నా కాబట్టి ఇలా రాయగలుగుతున్నా.

ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మాకు ఊరి చరిత్ర కావాలి, రాజుల చరిత్ర అక్కర్లేదు. ఈ శుక్రవారం లోపల ఇచ్చేయాలట.

సిరోంచ మాస్టారు

అమ్మా, రసీదు అసలైనదే, మీ తాతగారు భోపాల్ మొహం చూసి ఉండరు. పాత సీపీ అండ్ బేరార్ (సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్) రాష్ట్రానికే 1950లో మధ్యప్రదేశ్ అని పేరు పెట్టారు, దానికి రాజధాని నాగపూర్. భోపాల్ అప్పటికి వేరే రాష్ట్రం. 1956 నవంబరు 1న విదర్భ మొత్తాన్ని బొంబాయి రాష్ట్రంలో కలిపారు, 1960 మే 1న మహారాష్ట్ర వచ్చింది. కాబట్టి మీ కాగితం ఆ ఆరేళ్లలోది. 1951లో మాల్‌గుజారీలు (ఊరి శిస్తు వసూలు చేసే భూస్వాముల హక్కులు), జమీందారీలు రద్దయ్యాక ప్రభుత్వానికే నేరుగా శిస్తు కట్టి తీసుకున్న మొదటి పావతుల్లో ఇదొకటి అయి ఉండొచ్చు, అందుకే గుడ్డలో చుట్టి పెట్టారేమో. పైన తేదీ అరగకుండా ఉంటే చూడండి.

జిల్లా సంగతీ అంతే. చాందా పేరును 1964లో చంద్రపూర్‌గా మార్చారు, 1982 ఆగస్టు 26న దాన్ని రెండుగా చేసి మనల్ని గడ్‌చిరోలిలో వేశారు. నేను బడిలో పనిచేసేటప్పుడు అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే భలే ఉండేది. ఒకే ఇంట్లో తాతకు జన్మస్థలం జిల్లా చాందా, కొడుక్కి చంద్రపూర్, మనవడికి గడ్‌చిరోలి. ముగ్గురూ పుట్టింది ఒకే మంచం మీద.

ఇక మీ అసలు ప్రశ్న, తెలుగువాళ్లం మహారాష్ట్రలో ఎందుకున్నాం అన్నది. దీనికి 1860 దాకా వెళ్లాలి. అంతకు ముందు గోదావరికి ఇవతలా అవతలా రెండు ఒడ్లూ నిజాంవే. మహదేవ్‌పూర్ నుంచి సిరోంచకు రావడమంటే పడవెక్కి ఏరు దాటడం, అంతే, ఇంకో రాజ్యంలోకి అడుగు పెట్టడం కాదు. 1860లో ఇంగ్లీషువాళ్లు నిజాంతో కొత్త ఒప్పందం చేసుకున్నారు. రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు ఆయనకు తిరిగి ఇచ్చేసి, గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు తీసుకున్నారు. సిరోంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి, వరసగా ఏటి వెంబడి తోరణం కట్టినట్టు ఉంటాయి చూడండి, అవి. వీటన్నిటినీ కలిపి "అప్పర్ గోదావరి" అని జిల్లా చేశారు. ఆ జిల్లాకు కేంద్రం ఏదో తెలుసా? మన సిరోంచే! భద్రాచలం మనిషికి కలెక్టరు పని పడితే సిరోంచకు రావాల్సిందే. ఇది చెప్తే ఇప్పుడు మా మనవలు కూడా నమ్మరు.

ఎందుకు తీసుకున్నారంటే పత్తి కోసం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై మాంచెస్టర్‌కు పత్తి కరువయ్యాక ఆ అవసరం ఇంకా పెరిగింది. వార్ధా వైపు పండే పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో కాకినాడ దాకా దింపాలన్నది పథకం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఈ జలమార్గం మీద చాలా ఆశ. నదిలో పడవలకు అడ్డంగా మూడు చోట్ల రాతి మెరకలున్నాయి, మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది అహేరి దగ్గర ప్రాణహిత మీద దేవలమర్రి. వాటిని తప్పించి కాలువలు తవ్వడం, లాకులు కట్టడం కెప్టెన్ హేగ్ చేతిలో పెట్టారు. పదేళ్లు తవ్వారు. జ్వరాలొచ్చి కూలీలు పారిపోవడం, కొత్తవాళ్లను తేవడం, ఇదే వరస. ఇంతలో 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కు రైలే వచ్చేసింది. పత్తి రైలెక్కింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది, ఇచ్చంపల్లి దగ్గర ఆ రాతి కట్టడాల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

జలమార్గం లేకపోయాక ఈ అడవి మధ్యలో జిల్లా ఎందుకని 1874లో దాన్నే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు పోయాయి. సిరోంచను చాందాకు తగిలించారు. చెర్ల, నూగూరు, ఆల్బాక కొన్నాళ్లు మనతోనే ఉండి తర్వాత అవీ మద్రాసు వైపే వెళ్లాయి. ఆరుగురు అక్కచెల్లెళ్లలో అయిదుగురు తెలుగు రాష్ట్రంలో పడ్డారు, మనం ఒక్కళ్లం ఇటు మిగిలాం. అప్పుడు భాష చూసి ఎవరూ గీత గీయలేదమ్మా, ఏ కచేరీకి ఏ ఊరు దగ్గరో చూసుకున్నారు. నిజానికి అదీ సరిగ్గా చూసుకోలేదు, గడ్‌చిరోలి ఇప్పటికీ మనకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మంచిర్యాలకు అందులో సగం కూడా లేదు.

కాబట్టి మీ అవ్వ చెప్పిందీ నిజమే, మీ చిన్నాన్న చెప్పిందీ అబద్ధం కాదు, కరీంనగర్ వైపు నుంచి రావడమంటే అప్పుడు ఏరు దాటడమే. పిల్లకు రాయడానికి ఇంకో సులువైన సాక్ష్యం ఊళ్ల పేర్లే. లక్ష్మీదేవిపేట, రంగయ్యపల్లి, జానంపల్లి, రాజన్నపల్లి, పాతగూడెం. ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సు బోర్డు మీద లక్ష్మీదేవిపేట "లక్ష్మీదేవీపేఠా" అవుతుంది, పేటకు వత్తొచ్చి దీర్ఘం తేలింది, అంతే. పేరు పెట్టినవాడు ఏ భాషవాడో బోర్డు రాసినవాడు దాచలేకపోయాడు.

మిర్చి కల్లం

మాస్టారు చెప్పిందంతా బాగుంది కానీ అందులో భూమి లేదు సార్, అన్నీ కాగితాలే. అక్క అడిగింది భూగోళం కూడా కదా, అది నేను రాస్తా. మాది ఆసరల్లి వైపు, ఏడెకరాలు సొంతం, నాలుగు కౌలు.

అక్కా, మొదట పాపతో ఒక బొమ్మ గీయించు. పడమర ప్రాణహిత, దక్షిణం గోదావరి, తూర్పు ఇంద్రావతి, ఉత్తరం అడవి. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు టేకు. వైన్‌గంగ, వార్ధా కలిసి తుమ్మిడిహట్టి దగ్గర ప్రాణహిత అవుతాయి, అది సిరోంచ పక్కగా వచ్చి కాళేశ్వరం ఎదురుగా గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి గోదావరి మన ఊళ్లను రాసుకుంటూ పోయి సోమనూర్ దగ్గర ఇంద్రావతిని కలుపుకుంటుంది, ఆ సంగమంలో నిలబడితే ఒక గట్టు మహారాష్ట్ర, ఒక గట్టు తెలంగాణ, ఒక గట్టు ఛత్తీస్‌గఢ్. మా ఫోన్‌కు అక్కడ మూడు రాష్ట్రాల నుంచి "స్వాగతం" మెసేజీలు వస్తాయి, సిగ్నల్ మాత్రం ఒక్క రాష్ట్రానిదీ నిలబడదు.

నేల ఏటి నుంచి దూరం పోయేకొద్దీ మారుతుంది. గట్టు దగ్గర ఒండ్రు, దాని వెనక నల్లరేగడి, ఇంకా లోపలికి పోతే ఎర్ర చెలక, ఇసుక దుబ్బ, ఆ తర్వాత అడవే. మా నాయన కాలంలో ఒండ్రులో జొన్న, లోపల వరి, అంతే. మే నెలలో తునికాకు, దానికి ముందు ఇప్పపువ్వు, వాటితోనే చేతిలో నాలుగు రూపాయలు ఆడేవి. మిర్చి తర్వాత వచ్చింది, గుంటూరు వైపు రైతులు వచ్చి ఏటి గట్టు భూములు కౌలుకు తీసుకుని వేశారు, వాళ్ల దగ్గర కూలికి పోయి మావాళ్లు నేర్చుకున్నారు. వలస వచ్చామా లేదా అని మీరు కొట్లాడుకుంటున్నారు కదా, నిజంగా వలస వచ్చింది వాళ్లు, ఇప్పుడు వాళ్ల పిల్లలు మాకంటే బాగా మరాఠీ మాట్లాడతారు.

మిర్చి గురించి పాప నోట్‌బుక్‌లో ఇది తప్పకుండా ఉండాలి. ఆగస్టు, సెప్టెంబరులో నారు వేస్తాం, జనవరి నుంచి ఏరుడు. కాయ కోసి కల్లంలో పల్చగా పోస్తే ఎండ బాగుంటే పది పన్నెండు రోజులు. పొద్దున మంచు పడితే పట్టా కప్పాలి, ఎండ రాగానే తీయాలి, ఒక్క రోజు బద్ధకిస్తే కాయ తెల్లబడి తాలు అవుతుంది, తాలుకు వరంగల్‌లో సగం ధర కూడా రాదు. ఎండిందో లేదో చూసే మిషన్ మా దగ్గర లేదు. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపుతాం. లోపల గింజ గలగలమంటే బస్తాకెత్తొచ్చు. మెత్తగా ఉండి చప్పుడు రాకపోతే ఇంకో రెండు రోజులు. మా అమ్మ చెవి సరిగ్గా వినపడదు, అయినా కాయ ఎండిందో లేదో చెప్తుంది, చేతికి తెలుస్తుందంట. బస్తాలు లారీకెక్కించి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పంపిస్తాం. పంట మహారాష్ట్రది, ధర తెలంగాణది.

2021లో ఆ నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది పువ్వంతా రాలిపోయి చెట్టు చెట్టుగా నిలబడింది, గుంటూరు నుంచి మా దాకా అందరిదీ అదే కథ. అది చాలదన్నట్టు తర్వాత జూలైలో వరద. 2022 జూలై గోదావరి భద్రాచలంలో 71 అడుగులు దాటింది కదా, అదే నీళ్లు ముందు మా మీదుగా పోయినవి. పెద్దవాళ్లు 1986ను చెప్పుకునేవాళ్లు, భద్రాచలంలో అప్పుడు 75 అడుగులు దాటిందట, మేం నమ్మేవాళ్లం కాదు. నీళ్లు పోయాక చేనుకు వెళ్తే మోకాలెత్తు ఇసుక మేట. మోటారు ఎక్కడుందో వెతకడానికే రెండు రోజులు. పంట నష్టం పంచనామాకు వచ్చిన సారు డాంబరు రోడ్డు దిగలేదు, బురదని బండి మీదే కూర్చుని ఎవరి చేను ఏదో ఇంకొకరిని అడిగి రాసుకున్నాడు. నా ఏడెకరాల్లో రెండే మునిగినట్టు వచ్చింది. ఇసుక తోడించడానికి ట్రాక్టర్‌కు పెట్టిన ఖర్చే దానికి మూడింతలు. ఎవరికి చెప్పుకోవాలంటే గడ్‌చిరోలి పోవాలి, మాస్టారు చెప్పిన ఆ రెండు వందల కిలోమీటర్లు నేను మూడుసార్లు పోయొచ్చా.

గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ గురించి కూడా రాయాలి కదా, ఇంత పెద్దది మన గడ్డకు ఒక చివర ఆనుకుని ఉంటే. 2019 జూన్ 21న మొదలైంది, 85 గేట్లు, 16.17 టీఎంసీలు, అటు చివర మేడిగడ్డ, ఇటు చివర మన పోచంపల్లి. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పుడు టీవీలన్నీ అవతలి ఒడ్డు నుంచే చూపించాయి. ఆ నీళ్లు మా పొలాలకు కాదు. ఒడ్డున ఉండి మేం ఇప్పటికీ మోటారు పెట్టుకుని తోడుకునేవాళ్లమే.

దసలిపట్టు (మహదేవ్‌పూర్)

అవతలి ఒడ్డు నుంచి నేను. మా మేనత్తను మీ తాలూకాకే ఇచ్చాం, కాబట్టి సగం చుట్టం.

కాళేశ్వరం దగ్గర వంతెన పడేదాకా మాకు ఈ రెండు రాష్ట్రాల సంగతి పడవవాడితోనే. వేసవిలో అయితే పడవ కూడా సగం దూరమే, మిగతా సగం ఇసుకలో నడక. మా మేనత్త పెళ్లికి పెట్టె, బిందెలు, మంచం అన్నీ నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచారట, మధ్యలో పురోహితుడు చెప్పు తెగి, ఆయన ఒక్కడే వెనకబడితే ముహూర్తం దాటిపోతుందని ఆయన్ని పల్లకిలో పెండ్లికూతురి పక్కన కూర్చోబెట్టారట. మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా ఇది ఒకసారి చెప్పుకోవాల్సిందే.

మాస్టారు పత్తి గురించి చెప్పారు, నేను పట్టు గురించి చెప్తా. మహదేవ్‌పూర్ దసలి పట్టుకు పేరు. ఆ పురుగు మద్ది చెట్టు మీద బతుకుతుంది, మద్ది చెట్లు ఏటికి రెండు వైపులా అడవుల్లో ఉన్నాయి. మా తాత చిన్నప్పుడు దసలి కాయలు సిరోంచ వైపు నుంచి గోనెల్లో పడవల మీద వచ్చేవట, చీరలై అంగడికి వెళ్లేవట. రెండు ఒడ్లకూ ఒకే అంగడి అన్నమాట. మా మేనత్త కొడుకులు ఇప్పటికీ "తలాఠీ దగ్గర సాత్‌బారా తీసుకుని, దవాఖానకు మాత్రం వరంగల్ వస్తాం" అంటారు (తలాఠీ అంటే ఊరి పట్వారీ, సాత్‌బారా అంటే భూమి పహాణీ లాంటిది). వాళ్ల తెలుగు మా తెలుగే, మధ్యలో "పావతి", "అర్జ్", "శాళ" లాంటివి పడుతుంటాయి. పోయినసారి మా వాడొకడు "రేపు సుట్టీ, బడి లేదు" అంటే మా అమ్మ చుట్టమెవరో వస్తున్నారనుకుని బియ్యం నానబోసింది.

ఇంకొకటి. త్రిలింగ దేశం అంటారు కదా, కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం. అందులో కాళేశ్వరం గుడి గంట గాలి ఇటు వీస్తే మీ గట్టుకు వినపడుతుంది. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలకు జనం ఏ ఒడ్డున ఖాళీ ఉంటే ఆ ఒడ్డున మునిగారు, పుణ్యం ఏ రాష్ట్రం ఖాతాలో పడిందో మరి.

మిర్చి కల్లం

పుష్కరాలప్పుడు మా చేనే పార్కింగ్ అన్నా. పుణ్యం మీకు, టైర్ల గాడులు మాకు.

రాళ్ల పిచ్చోడు

చంద్రపూర్‌లో జియాలజీ చదువుతున్నా. మీరంతా 1860 దగ్గర ఆగారు, నేను ఒక పద్దెనిమిది కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్తా, పాపకు ఇదే ఎక్కువ నచ్చుతుందని పందెం.

ఈ ప్రాణహిత, గోదావరి లోయ రాళ్లు డైనోసార్లకు పేరుమోసినవి. సిరోంచ పైన ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాయి పలకల్లో చేప శిలాజాలు 19వ శతాబ్దంలోనే బయటపడ్డాయి, ఒక్కో పొలుసు లెక్కపెట్టేంత స్పష్టంగా. ఆ చిన్న ఊరి పేరే ఈ రాళ్లన్నిటికీ పెట్టారు, ప్రపంచంలో ఎక్కడ జియాలజీ పుస్తకం తెరిచినా "కోట ఫార్మేషన్" అని ఉంటుంది. ఊళ్లో వాళ్లకు ఈ సంగతి చెప్తే నన్ను సర్వే నంబర్ల మనిషి అనుకుని హద్దు రాయి గొడవ చెప్పుకొచ్చారు.

ఇక అసలుది. 1958 నుంచి 1961 మధ్య పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, ఈ లోయలోదే) పెద్ద పెద్ద ఎముకలు దొరికాయి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, అంటే మీ పాప కంటే పొడుగు. అందుకే దానికి బరాపాసారస్ అని పేరు, బరా అంటే పెద్ద, పా అంటే కాలు. తవ్వినవాళ్లు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, 1961 టాగూర్ శతజయంతి ఏడాది కాబట్టి పూర్తి పేరు బరాపాసారస్ టాగోరై. అస్థిపంజరం ఇప్పుడు ఆ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలోనే నిలబడి ఉంది. ఇంకొకటి ప్రాణహిత అవతల యామన్‌పల్లి దగ్గర దొరికింది, కోటసారస్. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మనందరం చిన్నప్పుడు ఫొటో దిగిన డైనోసార్ అదే! అంటే సిరోంచ ఒడ్డుది కలకత్తా వెళ్లింది, అవతలి ఒడ్డుది హైదరాబాద్ వెళ్లింది, డైనోసార్లకూ రాష్ట్రాల పంపకం తప్పలేదు.

వీలైతే పాపను వడధం ఫాసిల్ పార్కుకు తీసుకెళ్లండి, సిరోంచ దగ్గరే. నీళ్ల సీసా, టోపీ మర్చిపోకండి, నీడ తక్కువ.

బల్లార్షా కోడలు

ఇన్ని రాస్తారని అనుకోలేదు, చాలా థ్యాంక్స్ అందరికీ. పాప నాలుగు పేజీలు పదకొండు అయ్యాయి, అందులో మూడు డైనోసార్. నా అంచనా ప్రకారం టీచర్ మొదట అడిగేది "ఊరెక్కడ?" అనే.

మిర్చి కల్లం తమ్మీ, నువ్వు చెప్పిన బొమ్మ గీసింది, మూడు నదులకూ మూడు రంగులు. గింజ చప్పుడు సంగతి నమ్మలేదు, వంటింట్లో డబ్బాలోంచి ఎండుమిర్చి తీసి చెవి దగ్గర ఊపుకుంటూ ఇల్లంతా తిరిగింది, తర్వాత అదే చేత్తో కళ్లు నులుముకుంది. గంట ఏడుపు. అది కూడా రాయమన్నాను, రాయలేదు.

నిన్న రాత్రి ఫోన్‌లో అవ్వకు మాస్టారు రాసిందంతా చదివి వినిపించాను. సిరోంచ ఒకప్పుడు భద్రాచలానికి జిల్లా అంటే "అవునా" అంది అంతే, పెద్దగా పట్టించుకోలేదు. మధ్యప్రదేశ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆపమంది. "అది ఏ ప్రదేశమో నాకు ఎరుక లేదు గానీ ఆ పావతి తేవడానికి మీ తాత సిరోంచకు నడిచి పోయిండు, ఎడతెగని వానలో. పొద్దు గూకినాక వచ్చిండు. అంగీ లోపల చేతిరుమాల్ల పెట్టుకున్నడు, మనిషి తడిసిండు, కాగితం తడవలే" అంది. ఇన్నేళ్లలో మా తాత గురించి ఈ ముక్క నేను వినలేదు. పాప చివరి పేజీలో అది పెట్టింది, మరాఠీలో.

మాస్టారూ, రసీదు ఫొటో పెడుతున్నా. కింద ఎడమ మూల ఒక గుండ్రటి ముద్ర ఉంది, చదవగలరా? చిరగకుండా ల్యామినేషన్ చేయిద్దామనుకుంటున్నాం, శుక్రవారం బడికి కూడా పంపాలి.

సిరోంచ మాస్టారు

అమ్మా, ల్యామినేషన్ వద్దే వద్దు. ఆ వేడికి ఊదా పెన్సిల్ రాత అలుక్కుపోతుంది, మా ఇంట్లో ఒకటి అలాగే పోగొట్టుకున్నాం. రెండు వైపులా జిరాక్స్ తీయించి ఆ జిరాక్స్ బడికి పంపండి. అసలుది మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టి, మడతలు మాత్రం పాత మడత మీద కాకుండా చాప చుట్టినట్టు గుండ్రంగా చుట్టి పెట్టండి.

ముద్రలో "తహసీల్ సిరోంచా" వరకు తెలుస్తోంది. తేదీ దగ్గర సిరా పలుచబడింది కానీ నెల "జూలై" అనే కనిపిస్తోంది. వానలో వెళ్లాడని మీ అవ్వ చెప్పింది సరిగ్గానే ఉంది.